ఇల్లు షెడ్డుకు పోతే పడక ఎక్కడ?

కారు చెడిపోతే షెడ్డులో వదిలేసి ఆటో ఎక్కి ఇంటికి వస్తాం. అమెరికాలో ఆర్వీ చెడిపోయినవాళ్లకు ఆ వీలు లేదు. పొయ్యి, పడక, ఫ్రిజ్, స్నానాలగది, మందుల డబ్బా, పెంపుడు కుక్క అన్నీ ఆ బండిలోనే ఉంటాయి. మూడు వారాలు షెడ్డులో వదిలి వెళ్లమంటే ఆ మూడు వారాలూ వాళ్లు ఎక్కడ పడుకోవాలి? సామాను నింపిన వ్యాన్‌తో బండి ఉన్న చోటికే వెళ్లి బాగుచేసే మెకానిక్కుల వృత్తి ఈ ప్రశ్నకు జవాబుగానే ఎదిగింది. అక్కడ వాళ్లను మొబైల్ టెక్‌లు అంటారు. ఒకప్పుడు మన ఊళ్లలో రోళ్లకు గంట్లు పెట్టేవాళ్లు, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు గడప దగ్గరికే వచ్చి పని చేసి వెళ్లినట్టే వీళ్లూ వస్తారు. కాకపోతే ఇక్కడ గడప కూడా ఊళ్లు తిరుగుతుంటుంది.

ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. మనవాళ్లకు ఇలాంటి బండి కారవాన్‌గా, సినిమా షూటింగుల పుణ్యమా అని తెలుసు. అంతకు చాలా ముందే, 1982లో, ఎన్టీఆర్ షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్పించుకుని, అందులోనే తిని అందులోనే పడుకుంటూ రాష్ట్రమంతా తిరిగారు. అమెరికాలో ఇది పెద్ద పరిశ్రమ. ఇంజిను తనకే ఉన్నది మోటర్‌హోమ్. పికప్ ట్రక్కు వెనక తగిలించి లాగేది ట్రావెల్ ట్రెయిలర్. ట్రక్కు తొట్టి మధ్యలో కొక్కేనికి తగిలించేది ఫిఫ్త్ వీల్. వీటిలో అధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. సెలవుల్లో మాత్రమే వాడేవాళ్లున్నారు. చలికాలం రాగానే దక్షిణానికి దిగివచ్చే రిటైరైనవాళ్లున్నారు. సొంత ఇల్లు అమ్మేసి ఏడాదంతా ఇందులోనే కాపురం చేసేవాళ్లూ ఉన్నారు.

నేల మీద ఇంటికి లేని కష్టాలు

నేల మీద కట్టిన ఇంటిని ఎవరూ గంటకు వంద కిలోమీటర్ల వేగంతో గతుకుల్లో ఈడ్చుకెళ్లరు. ఆర్వీకి రోజూ అదే పని. కుదుపులకు స్క్రూలు వదులవుతాయి, పైపుల జాయింట్లు జారతాయి, వైర్ల చివర్లు ఊడతాయి. బరువు తగ్గించడానికి గోడలు పలచటి ప్లైవుడ్‌తో, ఫైబర్‌గ్లాస్‌తో చేస్తారు కాబట్టి దెబ్బకు ఆగే శక్తి తక్కువ. ఇక బండి నెలల తరబడి కదలకుండా నిలబడితే వచ్చే రోగాలు వేరే ఉన్నాయి. బ్యాటరీ చచ్చిపోతుంది, జనరేటర్‌లో పెట్రోలు జిగురుకడుతుంది, బర్నర్ గొట్టాల్లో సాలీళ్లు గూళ్లు పెడతాయి.

దీనికి కోవిడ్ తోడైంది. విమానాలకూ హోటళ్లకూ భయపడిన జనం ఆర్వీల మీద పడ్డారు. 2021లో అమెరికా పరిశ్రమ 6 లక్షలకు పైగా ఆర్వీలను డీలర్లకు పంపింది. అది రికార్డు. కొన్నవాళ్లలో చాలామందికి అదే మొదటి బండి. డీలర్ల షెడ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, వరుసలో నిలబడే బండ్లు మాత్రం పెరిగాయి. వ్యాన్ మెకానిక్కులకు గిరాకీ అక్కడ పెరిగింది.

ఈ వృత్తి అసలు రూపం చూడాలంటే అరిజోనా ఎడారిలో, ఇంటర్‌స్టేట్ 10 పక్కన ఉన్న క్వార్ట్‌జ్‌సైట్‌కు వెళ్లాలి. 2020 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనం సుమారు 2,400. చలికాలంలో మాత్రం ఊరి చుట్టూ ఎడారి నిండా ఆర్వీలే. 'నోమాడ్‌ల్యాండ్' సినిమాలో కనిపించేది ఈ చోటే. ఊరి దక్షిణాన ప్రభుత్వ భూమిలో లా పోసా అనే విడిది ఉంది. అక్కడ సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా దీర్ఘకాలం ఉండడానికి పర్మిట్లు ఇస్తారు. బండి నిలిపిన చోట కరెంటు ప్లగ్గు ఉండదు, నీటి కుళాయి ఉండదు. బ్యాటరీ, సోలార్ ప్యానెల్, గ్యాస్ సిలిండర్, నీళ్ల ట్యాంకు, ఈ నాలుగింటి మీదే సంసారం. వీటిలో ఏది ఆగినా రోజు గడవదు, మెకానిక్ రాక తప్పదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటాక ఊరు ఖాళీ అవుతుంది. మెకానిక్కుల్లోనూ కొందరు ఆర్వీల్లోనే కాపురముండి, సీజన్ వెంట ఉత్తరానికి కదులుతారు.

రోగం ఒకచోట, మూలం ఒకచోట

పని ఫోన్‌లోనే మొదలవుతుంది. "హీటర్ వెలగడం లేదు" అని అవతలివాళ్లు అనగానే తెలివైన మెకానిక్ వ్యాన్ తాళాలు అందుకోడు, ప్రశ్నలు వేస్తాడు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తోందా? లైట్లు మసకగా ఉన్నాయా? పొయ్యి వెలుగుతోందా? నిన్న బండిలో ఏం మార్చారు? మోడల్ నంబరున్న ప్లేటు ఫోటో పంపమంటాడు. కొన్ని కేసులు అక్కడే తీరిపోతాయి. ఎవరో తెలియక బ్యాటరీ స్విచ్ ఆపేసి ఉంటారు, లేదా బాత్రూం ప్లగ్గు మీది రీసెట్ బటన్ నొక్కితే చాలు. అలా ఫోన్‌లోనే తీర్చిన పనికి ఆ రోజు డబ్బు రాదు. కానీ ఆ ఇంటివాళ్లు తర్వాత ఇంకెవరినీ పిలవరు.

ఫోన్‌లో తీరకపోతే బయలుదేరాలి. ఆ హీటర్‌నే తీసుకుందాం. అది ప్రొపేన్ గ్యాస్‌తో మండుతుంది కాబట్టి లోపం గ్యాస్‌లోనో, నిప్పు రవ్వ వేసే బోర్డులోనో ఉందనిపిస్తుంది. కొత్తవాడైతే బోర్డు మార్చేస్తాడు. హీటర్ మళ్లీ వెలగదు. అనుభవజ్ఞుడు ముందు మీటర్ తీసి, ఫ్యాన్ తిరుగుతుండగా వోల్టేజీ చూస్తాడు. ఈ హీటర్లలో సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు ఉంటుంది. ఫ్యాన్ గాలి తగినంత వేగంగా తోస్తేనే అది మూసుకుంటుంది, మూసుకుంటేనే గ్యాస్ విడుదలవుతుంది. ఫ్యాన్ నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీద. బ్యాటరీ నీరసిస్తే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది, రేకు మూసుకోదు, మంట రాదు. బ్యాటరీ ఎందుకు నీరసించింది? దాన్ని నింపాల్సిన కన్వర్టర్‌కు 120 వోల్టుల కరెంటు అందలేదు. ఎందుకు అందలేదు? పార్కులో ప్లగ్గు పెట్టిన స్తంభం దగ్గర బ్రేకర్ పడిపోయింది. అంటే గ్యాస్ హీటర్ రోగానికి మందు ఇరవై అడుగుల దూరంలో కరెంటు స్తంభం మీద ఉంది. పని వేయకుండా కొలిస్తే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించి నమ్మిస్తుంది. భారం పడ్డప్పుడు దాని అసలు బలం తెలుస్తుంది. అందుకే పరికరం నడుస్తుండగా కొలవాలన్నది వీళ్ల మొదటి పాఠం.

అదే కరెంటులో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. చిన్న ఆర్వీల ప్లగ్గు 30 ఆంపియర్లది, దానికి కావాల్సింది 120 వోల్టులు. ఇళ్లలో బట్టలారబెట్టే డ్రయర్‌కు పెట్టే 30 ఆంపియర్ల ప్లగ్గుకు 240 వోల్టులు వస్తాయి. ఆర్వీ సంగతి తెలియని ఎలక్ట్రీషియన్ ఇంటి ముందు ఆర్వీ ప్లగ్గు బిగిస్తూ డ్రయర్ లెక్కన వైర్లు కలిపితే, బండి తగిలించిన క్షణంలోనే ఏసీ, మైక్రోవేవ్, కన్వర్టర్ కాలిపోవచ్చు. అందుకే మొబైల్ టెక్ బండిని ముట్టుకోకముందే స్తంభాన్ని కొలుస్తాడు.

గ్యాస్ దగ్గర పద్ధతి మరీ కఠినం. సిలిండర్‌లో ఉన్న పెద్ద ఒత్తిడిని రెగ్యులేటర్ బాగా తగ్గించి, నీటిమట్టం లెక్కలో 11 అంగుళాలకు దింపుతుంది. మన వంటింటి స్టవ్‌కు అందే ఒత్తిడి కూడా ఇంచుమించు ఇంతే. దీన్ని మానోమీటర్‌తో కొలుస్తారు. నీళ్లు పోసిన యు ఆకారపు గొట్టమైనా చాలు. పైపుల్లో ఒత్తిడి నిలిపి, సిలిండర్ మూసేసి, కొన్ని నిమిషాలు ముల్లును చూస్తారు. అది కిందికి జారితే ఎక్కడో లీకుంది. అప్పుడు సబ్బు నీళ్లతో ఒక్కో జాయింటూ తడిపి బుడగల కోసం వెతుకుతారు. అమ్మోనియా కలిసిన సబ్బు వాడకూడదు, ఇత్తడి జాయింట్లను తినేస్తుంది. ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి నేల మీదికి దిగి పరుచుకుంటుంది. గ్యాస్ అలారాన్ని నేలకు దగ్గరగా బిగించేది అందుకే. లీకు దొరకకుండా, పరీక్ష నెగ్గకుండా గ్యాస్ తిరిగి తెరవడు మంచి మెకానిక్. "ఈ ఒక్క రాత్రికి సర్దుకుంటాం" అని ఎంత బతిమాలినా సరే.

ఫ్రిజ్ కథ ఇంకా వింత. పాతకాలపు ఆర్వీ ఫ్రిజ్‌లో కంప్రెసర్ లేదు, కదిలే భాగమే లేదు. చిన్న గ్యాస్ మంట వేడితో చల్లదనం పుట్టిస్తుంది. 1922లో స్వీడన్‌లో ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ తమంతట తాము ప్రవహించాలి, తోసే పంపు లేదు. అందుకే బండి సమంగా నిలబడాలి. ఒరిగితే ద్రవం ఒకచోట ఆగి, బాయిలర్ వేడెక్కి, తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం గట్టిపడి గొట్టానికి అడ్డుపడుతుంది. ఇక ఆ యూనిట్ పనికిరాదు. ఫ్రిజ్ వెనక పసుపురంగు పొడి కనిపించినా, అమ్మోనియా ఘాటు వచ్చినా మెకానిక్‌కు విషయం అర్థమైపోతుంది. కాబట్టి ఫ్రిజ్ చల్లబడటం లేదన్నవాళ్ల బండి దగ్గర అతను మొదట చూసేది ఫ్రిజ్‌ను కాదు, బండి నిలబడ్డ తీరును.

అన్నిటికన్నా పెద్ద శత్రువు వాన నీరు. కప్పు మీద రబ్బరు పొర ఉంటుంది. దానికి గాలి గూళ్లు, ఏసీ, యాంటెనాల కోసం కోసిన రంధ్రాల చుట్టూ సీలెంట్ పూస్తారు. ఎండకు అది పగులుతుంది. నీరు ఒకచోట దూరి, చెక్క వెంట ప్రయాణించి, ఎక్కడో మూల మరకై బయటపడుతుంది. లోపల చెక్క కుళ్లి, ఫైబర్‌గ్లాస్ గోడ ఉబ్బిందంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దూరిన చోటు పట్టుకోవడానికి వీళ్లు చేసే ఉపాయం ముచ్చటైనది. కిటికీలూ గూళ్లూ మూసేసి, ఫ్యాన్‌తో బండిలోకి గాలి ఎక్కిస్తారు. బయట గోడల మీద, కప్పు మీద సబ్బు నీళ్లు చల్లుతారు. సందు ఉన్న చోట లోపలి గాలి తన్నుకొచ్చి బుడగలు లేస్తాయి. సీలెంట్‌లోనూ రకాలున్నాయి. చదునుగా ఉన్నచోట తనంతట పరుచుకునేది, నిలువు గోడకు జారనిది. ఇంట్లో ఉందికదా అని సిలికాన్ పూస్తే తర్వాత దాని మీద ఇంకేదీ అంటుకోదు.

వ్యాన్‌లో ఏముండాలి, దేనికి కాదనాలి

పనితనం ఎంతున్నా వ్యాపారం నిలబడేది వ్యాన్ అరల మీద. దూరానికి ఒక చార్జీ, తర్వాత గంటల లెక్కన కూలి తీసుకుంటారు. చిన్న పార్టు లేక రెండోసారి రావాల్సి వస్తే ఆ పని లాభం దారిలోనే ఖర్చయిపోతుంది. అందుకే వాటర్ పంపు, ఫ్యూజులు, కన్వర్టర్, గ్యాస్ రెగ్యులేటర్, వాటర్ హీటర్‌లో తుప్పును తన మీద వేసుకుని కరిగిపోయే ఆనోడ్ కడ్డీ లాంటివి ఎప్పుడూ చేతికందేట్టు ఉంచుకుంటారు. వారంటీ పనులతో ఇంకో తలనొప్పి. కంపెనీ ముందుగా ఒప్పుకోవాలి, కంపెనీ లెక్కగట్టిన గంటలకే డబ్బు వస్తుంది, పార్టు వచ్చేదాకా ఎదురుచూపులు. కొందరు వాటి జోలికే పోరు. పార్కుల్లోకి వెళ్లాలంటే బీమా కాగితం అడుగుతారు. ఇంజిను, గేరు పనులు వీళ్లలో చాలామంది ముట్టుకోరు. వీళ్లు చూసేది ఇంటి భాగం. ఆ గీత దాటనివాళ్లే ఎక్కువకాలం నిలబడతారు.

నేర్చుకోవడానికి బడులూ ఉన్నాయి. ఎల్కార్ట్‌లో ఆర్వీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్, టెక్సాస్‌లోని ఏథెన్స్‌లో నేషనల్ ఆర్వీ ట్రైనింగ్ అకాడమీ. ప్లంబింగ్, కరెంటు, గ్యాస్, వడ్రంగం అన్నీ ఒకే మనిషి నేర్వాలి. నేల మీది ఇంటికైతే ఈ పనులకు నలుగురు వస్తారు. నలుగురు వచ్చినచోట ఎవరి లోపం వాళ్లు చూసుకుని పోతారు. హీటర్ నుంచి కరెంటు స్తంభం దాకా ఒకే చూపుతో నడిచే మనిషి దొరకడం అక్కడ కష్టం. ఈ వృత్తి విలువ అక్కడే ఉంది. పార్టు మార్చడం ఎవరైనా నేర్చుకోగలరు. ఏ పార్టు మార్చక్కర్లేదో చెప్పడానికే వీళ్లకు డబ్బివ్వాలి.

హడావుడిగా తయారైన బండ్ల వల్లే వీళ్లకు కొంత చేతినిండా పని దొరుకుతోందన్నదీ నిజమే. అయినా పేరున్న మెకానిక్ వెళ్లేముందు తన పనిని తానే తగ్గించే మాటలు చెప్పి వెళ్తాడు. కప్పు మీది సీలెంట్ ఏడాదికి రెండుసార్లయినా చూసుకోమంటాడు. జనరేటర్‌ను నెలకోసారి లోడు పెట్టి నడపమంటాడు. టైరు అరగకపోయినా వయసుతో చెడుతుందని, దాని మీద డాట్ అక్షరాలతో మొదలయ్యే నంబరు చివరి నాలుగు అంకెలు చూపిస్తాడు. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం పుట్టిన టైరు.

అమెరికాలోని మన కుటుంబాలు కూడా వేసవి సెలవుల్లో ఆర్వీ అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ వైపు బయలుదేరుతుంటాయి. తాళాలు తీసుకునేటప్పుడు మంచాలెన్ని, టీవీ ఎంత పెద్దది అని కాక, బ్రేకర్లు ఎక్కడున్నాయి, గ్యాస్ ఎక్కడ మూయాలి, బండి సమంగా ఉందని ఎలా తెలుస్తుంది, టైర్లు ఏ ఏడాదివి అని అడగాలి. ఈ నాలుగూ తెలిసినవాళ్లకు మెకానిక్‌తో అవసరం తక్కువ పడుతుంది. పడినప్పుడు కూడా ఫోన్‌లో అతని ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పగలుగుతారు. సగం మరమ్మతు అక్కడే జరుగుతుంది.