కణాన్ని నలగ్గొట్టకుండా లోపలి కబురు

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు గోదావరి జిల్లాల్లో తెలియనివారుండరు. ఆయన పనితనం ఎలాంటిదో తెలిసినవారు మాత్రం తక్కువ. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని రూపొందించారు. నమూనాలో భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కబడుతుంది. కండరాల సారంలో మాత్రం ఆ నీలం ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. ఆ ఆలస్యాన్ని వాళ్లు కొట్టిపారేయలేదు. దాని వెంటపడి, ఆమ్లం తగిలితే విరిగిపోయే ఫాస్ఫోక్రియాటిన్ అనే అణువును 1927లో లోకానికి చూపించారు. అంతవరకూ పరీక్ష ముగిసేలోపే అది విరిగిపోయేది.

జీవకణంలో ఏముందో తెలియాలంటే కణాన్ని నలగ్గొట్టాలి. నలగ్గొడితే లోపలి అణువు మారిపోవచ్చు. జీవరసాయనంలో ఇది పాత చిక్కు. బతికున్న కణాన్ని బతికుండగానే, వెలుతురుతో చదవవచ్చని 2002లో ఒక బృందం చూపించింది. అమెరికాలోని ఎంఐటీ స్పెక్ట్రోస్కోపీ ప్రయోగశాలలో జరిగిన ఆ పనికి కాట్రిన్ నైప్ ముందు నిలిచారు. ఆమెతో పనిచేసిన వారిలో మైకేల్ ఫెల్డ్‌తో పాటు మన తెలుగు శాస్త్రవేత్త దాసరి రామచంద్రరావు ఉన్నారు. ఆయన ఐఐటీ కాన్పూర్‌లో పనిచేసి ఎంఐటీకి వెళ్లినవారు.

ఈ పనికి పునాది విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ 1928లో కనుగొన్న ప్రభావం. అణువును తాకిన వెలుగులో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని తిరిగొస్తుంది. ఆ మార్పు ఒక్కో రకం అణువుకు ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి అణువును గుర్తుపట్టవచ్చు. చిక్కల్లా ఆ సంకేతం చాలా బలహీనం కావడమే. సుమారుగా కోటి కాంతి కణాల్లో ఒక్కటే అలా మారుతుంది.

దాన్ని పెంచడానికి బంగారం కావలసి వచ్చింది. చిన్న తిరుపతి వెంకన్న నగల్లో పచ్చగా మెరిసే బంగారమే నానోమీటర్ల సైజుకు చిన్నదైతే నీళ్లలో ఎర్రగా కనిపిస్తుంది. వెలుగు తగిలినప్పుడు ఆ రేణువులోని ఎలక్ట్రాన్లన్నీ ఒక్కుమ్మడిగా ఊగుతాయి. ఆ ఊపు వల్ల రేణువు అంచున విద్యుత్ క్షేత్రం ఎన్నో రెట్లు బలపడుతుంది. రేణువులు గుంపుగా చేరితే వాటి మధ్య సందుల్లో అది మరీ తీవ్రం. అక్కడున్న అణువు రామన్ సంకేతం గట్టిగా వినిపిస్తుంది.

ఇక ఆ బృందం ఎంచుకున్న కొలతలు చూడండి. రేణువు 60 నానోమీటర్లు, అంటే చాలా వైరస్‌లకు దగ్గరి పరిమాణం. వైరస్‌లలో చాలా వాటిని మింగినట్టే కణం ఈ బంగారాన్నీ తనంతట తాను మింగుతుంది. వెలుగు సమీప పరారుణం. అది కణానికి హాని తక్కువ చేస్తుంది, కణం సొంత మెరుపు అడ్డు రాదు. దాని శక్తి 3 నుంచి 5 మిల్లీవాట్లు, క్లాసులో మాస్టారు చేతిలోని లేజర్ పాయింటర్‌ పాటిది. ఒక్కో చుక్కకు ఒక్క సెకను చాలు. మైక్రోమీటరు దూరం జరిగితే చాలు, వర్ణపటం మారిపోయింది. డీఎన్‌ఏ, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం ఆనవాళ్లు దొరికాయి. పరిమాణం, రంగు, శక్తి, సమయం అన్నీ కణం ఓర్చుకోగల హద్దులోనే ఉన్నాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ నిగ్రహమే.

ఆ తర్వాత వైరస్ రూపాన్నే నమూనాగా తీసుకున్నవారు వచ్చారు. నున్నటి గోళం మీద ముళ్లు మొలిపిస్తే ఒక్కో ముల్లు కొన దగ్గరా క్షేత్రం పోగవుతుంది. రేణువులు గుంపు కట్టేదాకా ఎదురుచూడక్కర్లేదు, ఒంటరి రేణువే పనిచేస్తుంది. పరిమితి కూడా చెప్పాలి. బంగారం చేరిన చోటి కబురే తెలుస్తుంది, చేరని చోటు చీకటే. కణం మింగిన రేణువులు ఎక్కువగా దాని లోపలి చిన్న సంచుల్లో చిక్కుకుపోతాయి. వాటిని కావలసిన చోటికి చేర్చడం ఇంకా సాగుతున్న పని.

ఇక ఈ రేణువుల తయారీ సంగతి. బంగారపు క్లోరైడ్ ద్రావణాన్ని మరిగించి సోడియం సిట్రేట్ కలిపితే కొద్ది నిమిషాల్లో ఎర్రటి నానో ద్రావణం తయారవుతుంది. 1951లో టర్కెవిచ్ స్థిరపరచిన పద్ధతి ఇది. కోవిడ్ కిట్లలో కనిపించిన ఎర్ర గీతల్లో ఎన్నో ఇలాంటి బంగారం గీసినవే. తాడేపల్లిగూడెం నిట్‌లోనూ, ఏలూరు, భీమవరం డిగ్రీ కాలేజీల్లోనూ రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. సుబ్బారావు గారి నీలాన్నీ, ఈ ఎరుపునూ ఒకే వారంలో పిల్లల చేత స్వయంగా చేయించండి.