పరిహార బోధన ఎవరికి?

లా కాలేజీల్లో దళిత విద్యార్థులు వెనకబడుతున్నారనే మాట వచ్చినప్పుడల్లా ఒకటే మందు బయటికి తీస్తారు. రెమెడియల్ కోచింగ్. యూజీసీ పంచవర్ష ప్రణాళికల్లో దీనికి నిధులిచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు అదనపు క్లాసులు పెట్టమంది. తెలుగులో దీన్ని 'పరిహార బోధన' అన్నారు. గుట్టంతా ఆ పేరులోనే ఉంది. రోగం విద్యార్థిది, వైద్యం కాలేజీది. కాలేజీకి రోగమనేది ఉండే ప్రసక్తే లేదు!

అదనపు చదువు వద్దనడం లేదిక్కడ. మొదటి తరం చదువరికి అది కావాల్సిందే. ఆ క్లాసులో ఏం చెప్తున్నారనేదే పేచీ. సాధారణంగా అక్కడ చెప్పేది ఇంగ్లీషు గ్రామరు, గైడు లోని నోట్సు, పరీక్షలో వచ్చే ప్రశ్నలు. పాసు మార్కులు తెప్పించడమే దాని ఆశయం. సెక్షన్ చదవడం ఎట్లా, తీర్పులో కోర్టు నిర్ణయం ఏది, మామూలు మాట ఏది, ప్లెయింటు ఎట్లా రాయాలి, సాక్షిని క్రాస్ చేసేటప్పుడు ఏది అడగాలి, ఏది అడగకూడదు - ఇవి అక్కడా ఉండవు, అసలు క్లాసులోనూ అరకొరే. వకీళ్ల ఇళ్లలో పుట్టిన పిల్లలు ఇవన్నీ తండ్రి ఆఫీసులో, మామ ఛాంబర్లో నేర్చుకొని వస్తారు. వాళ్లకు ఇంట్లో దొరికే ట్యూషన్‌ను ఎవరూ రెమెడియల్ అనరు. దానికి 'ప్రతిభ' అని పేరు.

బేతంచెర్లనే తీసుకోండి. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. నాపరాళ్ల ఊరు. గనుల్లో బండలు తీసేవాళ్లు, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో ఆ పొడి మింగేవాళ్లు ఎవరి పిల్లలో వేరే చెప్పాల్నా? ఇక్కడి నుంచి లా చదివేదానికి కర్నూలుకో, అనంతపురానికో, తిరుపతికో పోయే దళిత పిల్లోడు ఉత్త చేతులతో పోడు. బండ కింద పడి చెయ్యి పోయినోడికి యజమాని ఎంత చేతిలో పెట్టి నోరు మూయిస్తాడో వాడికి తెలుసు. అది నష్టపరిహార చట్టం. డీకేటీ పట్టా భూమి ఇంకొకరి సాగులోకి ఎట్లా జారిపోతుందో తెలుసు. అది 1977 అసైన్డ్ భూముల చట్టం. చట్టం వాడి వాడలోనే ఉంది, ఉల్లంఘన రూపంలో. బోధన ఇక్కడి నుంచి మొదలు పెడితే వాడు క్లాసులో అందరికంటే ముందుంటాడు. కానీ మనవాళ్లు ఇంగ్లండు కేసు పేర్లతో మొదలు పెట్టి, వాటిని పలకలేకపోతే రెమెడియల్‌కు పంపిస్తారు.

జాతీయ లా యూనివర్సిటీల సంగతి ఇంకో తీరు. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య లా చదివి 1960లో రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యాడు. విశాఖపట్నంలో ఆయన పేరు మీదే లా యూనివర్సిటీ ఉంది. లోపలికి పోవాలంటే క్లాట్ రాయాలి, అదీ ఇంగ్లీషులో. 2020 నుంచి ఆ పరీక్షంతా నిడివైన పేరాలు చదివి జవాబులు పెట్టడమే. సంజీవయ్య సొంత ఊరి సర్కారు బడి పిల్లోడికి ఆ గేటు దగ్గర ఆయన పేరు చదివే అవకాశమే మిగిలింది. 2010లో షమ్నాద్ బషీర్ మొదలు పెట్టిన ఐడియా సంస్థ ఇట్లాంటి పిల్లల్ని ఏరి క్లాట్‌కు తయారు చేస్తూ వచ్చింది. మంచి పనే. ఐతే ఏరడమంటేనే కొందరిని వదిలెయ్యడం. బేతంచెర్ల పిల్లలు ఎక్కువమంది చేరేది మూడేళ్ల మామూలు లా కోర్సులో. ఆ కాలేజీల మీద ఎవరి చూపూ లేదు.

ఈ చదువు ఎందుకు గట్టిగా ఉండాలో చుండూరు చెప్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ దళితుల్ని ఊచకోత కోశారు. దళితులు పోరాడి ఆ ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు చచ్చిపోయారు, ఎక్కడ చంపారు, చంపింది ఫలానావాళ్లేనా అనేది రుజువు కాలేదంది. అదే సాక్ష్యం, రెండు కోర్టులు, రెండు సత్యాలు. ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టుకొని, సాక్షుల మాటల్ని ఒక కోర్టు ఎందుకు నమ్మింది, ఇంకోటి ఎందుకు నమ్మలేదో వాక్యం వాక్యం చదివించండి. నెల రోజులు పట్టనీ. అంతకు మించిన సాక్ష్య చట్టం పాఠం ఏ గైడులో ఉంది? దళిత విద్యార్థికి కావాల్సిన సపోర్టు ఇదీ. పక్కన కూచున్న రెడ్డి పిల్లోడికీ కావాల్సింది ఇదే, వాడికింకా ఎక్కువ కావాలేమో.

డిగ్రీ చేతికొచ్చినాక కథ ఇంకా కష్టం. నమోదు ఫీజుల పేరుతో బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజుతుంటే, 1961 అడ్వకేట్ల చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2024 జులైలో తీర్పిచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలే. అంతవరకూ ఆ గుంజుడు సాగింది. ఎస్సీ లా గ్రాడ్యుయేట్లను ప్రభుత్వ వకీళ్ల దగ్గర పెట్టి మూడేళ్లు శిక్షణ, స్టైపెండు ఇచ్చే పథకం సాంఘిక సంక్షేమ శాఖలో ఉమ్మడి రాష్ట్రం నుంచీ ఉంది. ఆలోచన సరైందే. ఐతే సీనియర్ ఏం నేర్పాలో అడిగేవాళ్లెవరు? కట్టలు మోయించి, వాయిదాలు అడిగించి మూడేళ్లు గడిపేస్తే అది శిక్షణా, వెట్టా?

ఇంకో లెక్క చూడండి. అత్యాచారాల నిరోధక చట్టం 15వ సెక్షన్ కింద స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేసే అడ్వకేటుకు కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. స్టైపెండు మూడేళ్లు. తక్కిన నాలుగేళ్లు మన జూనియర్ ఏం తిని కోర్టుకు పోవాలి? ఈ నాలుగేళ్లలోనే మనవాళ్లు నల్లకోటు మడిచిపెట్టి కాంట్రాక్టు ఉద్యోగాల్లోకి జారుకుంటారు. రెమెడియల్ క్లాసుకు ఈ సంగతి పట్టదు, అది పరీక్ష దగ్గరే ఆగిపోయింది.

1995 రూల్సు ప్రకారం ప్రతి జిల్లాకూ అట్లాంటి అడ్వకేట్ల ప్యానెల్ ఉండాలి. స్పెషల్ ప్రాసిక్యూటర్ల పనిని ఏడాదికి రెండు మార్లు, జనవరిలో, జులైలో సమీక్షించాలి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ వకీలును కూడా వేయొచ్చు. నంద్యాల జిల్లా ప్యానెల్లో ఎవరున్నారో, అందులో మన వాడల నుంచి వచ్చినవాళ్లు ఎందరో లా విద్యార్థులే అడిగి తెలుసుకోవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయాలి, పది రూపాయల ఫీజు కట్టాలి. ఆ దరఖాస్తు రాయించడం మొదటి సంవత్సరం డ్రాఫ్టింగ్ క్లాసులో పెట్టదగ్గ పని.