‘ఇంగితం’ – అర్థపరిణామ పరిశీలన

తెలివి, ఎరుక, మతి, వివేకం, లోకజ్ఞానం వంటి పదాల నడుమ ‘ఇంగితం’ ప్రయోగంలో విలక్షణమైనది. నేటి వ్యవహారంలో ఇది ఎక్కువగా మందలింపులోనే వినిపిస్తుంది. ‘ఆమాత్రం ఇంగితం లేదా?’ అనడం పరిపాటి. ‘అతనికి మంచి ఇంగితం ఉంది’ అని మెచ్చుకోవడం అరుదు. ఈ వ్యతిరేకార్థక ప్రయోగానికి కారణం పదచరిత్రలో కనిపిస్తుంది.

కదలికను తెలిపే ధాతువు నుంచి ఏర్పడిన ఈ సంస్కృతపదానికి తొలి అర్థం మనసులోని భావాన్ని బయటపెట్టే చేష్ట, సంజ్ఞ. రాయబారి ఇతరుల ఇంగితాకారచేష్టలను గుర్తించగలవాడై ఉండాలని మనుస్మృతి 7వ అధ్యాయం చెబుతుంది. న్యాయవిచారణలో ఆకారం, ఇంగితం, నడక, మాటతీరు, నేత్రముఖవికారాలను బట్టి అంతర్గతమైన మనసును గ్రహించాలని 8వ అధ్యాయం నిర్దేశిస్తుంది. రఘువంశం ప్రథమసర్గలో దిలీపుడు తన ఆకారేంగితాలను బయటపడనీయని రాజు. అతని యత్నాలు ఫలితాన్ని బట్టి మాత్రమే తెలిసేవి. ఈ ప్రయోగాలన్నిటిలో ఇంగితం ఎదుటివారిలో ఉండేది. చూసేవారి బుద్ధి కాదు.

ఇంగితాన్ని తెలుసుకోవడం ‘ఇంగితజ్ఞానం’. తెలుగు వ్యవహారం ఈ సమాసంలోని ఉత్తరపదాన్ని వదలి, పూర్వపదానికే మొత్తం అర్థాన్ని ఆపాదించింది. ఫలితంగా, తెలియదగిన విషయానికి చెందిన పేరు తెలుసుకునే శక్తికి పేరైంది.

అయినా పాత అర్థం పూర్తిగా చెరగలేదు. లెక్క తప్పిన పిల్లవానికి తెలివి లేదంటారు గాని, సాధారణంగా ఇంగితం లేదనరు. చావు జరిగిన ఇంట పెళ్లికబుర్లు మొదలుపెట్టినవాడు, ఇంటివారు ఆవులిస్తున్నా కదలని అతిథి ఇంగితం లేనివారు. వీరిలో లోపించింది ఎదుటివారి స్థితిని గుర్తించడం. చెప్పకుండానే తెలియవలసినది చెప్పవలసి వచ్చినప్పుడే ఈ పదం అవసరపడుతుంది. అది మందలింపులో స్థిరపడటానికి కారణమిదే.

‘కామన్ సెన్స్’ అనే ఆంగ్లపదానికి ‘ఇంగితజ్ఞానం’ సమానార్థకంగా వ్యాపించడంతో ఈ భేదం మరుగున పడుతోంది. ఆంగ్లపదం జనసామాన్యానికి ఉండే విచక్షణను సూచిస్తుంది. అందుకు ఎదుటి మనిషి ఉండనక్కరలేదు. 1776లో అమెరికా స్వాతంత్ర్యాన్ని సమర్థిస్తూ థామస్ పెయిన్ ప్రచురించిన ‘కామన్ సెన్స్’ ఆశ్రయించినది సామాన్య పాఠకుని తర్కాన్ని. ఆ శీర్షికను ‘ఇంగితజ్ఞానం’ అని అనువదిస్తే, పరుల మనసెరగడమనే అక్కడ లేని ఛాయ చేరుతుంది. ‘సామాన్య వివేకం’ దానికి సన్నిహితం.

కనుక నిఘంటువులలో సంజ్ఞ, ఎదుటివారి అభిప్రాయాన్ని గ్రహించే నేర్పు, సామాన్య వివేకం అనే మూడర్థాలను ఈ వరుసలో, ప్రయోగాలతో వేరుగా చూపడం ఉచితం. రెండవ అర్థాన్ని మూడవదానిలో కలిపివేస్తే తెలుగు ఒకే మాటలో నిలుపుకున్న ఒక సామాజిక స్పృహ కనుమరుగవుతుంది.