గంటల లెక్కా, సీనియర్ నీడా? డిఫెన్స్ లాయరు చదువుకు రెండు దేశాల దారులు

1985లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఆంథొనీ రే హింటన్ అనే నల్లజాతి యువకుణ్ణి రెండు హత్య కేసుల్లో అరెస్టు చేశారు. దొరికిన తూటాలు అతని తల్లి ఇంట్లోని రివాల్వర్ నుంచే పేలాయని ప్రభుత్వ నిపుణులు చెప్పిన మాటే కేసుకు ఆయువుపట్టు. దాన్ని తిప్పికొట్టాలంటే ముద్దాయికీ గట్టి నిపుణుడు కావాలి. కోర్టు నియమించిన డిఫెన్స్ లాయరేమో నిపుణుడి ఖర్చుకు రెండు కేసులకూ కలిపి వెయ్యి డాలర్లకు మించి రావనుకున్నాడు. ఆ డబ్బుకు దొరికిన మనిషినే బోనెక్కించాడు. ఆయన చదివింది సివిల్ ఇంజనీరింగ్, చూపు ఒక కంటికే ఉంది. మైక్రోస్కోపు దగ్గర ఆయన తడబడ్డ సంగతి క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడింది. హింటన్‌కు మరణశిక్ష పడింది. నిజానికి ఖర్చు మీద ఉన్న ఆ పరిమితిని విచారణకు ముందే, 1984లోనే, చట్టం ఎత్తేసింది. సవరణ సంగతి లాయరుకు తెలియదు, తెలుసుకోవాలని పుస్తకం తిరగెయ్యనూ లేదు. ఆ అజ్ఞానాన్ని డిఫెన్స్ లోపంగా అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది 2014లో. హింటన్ బయటికి వచ్చింది 2015 ఏప్రిల్లో, దాదాపు 30 ఏళ్ల తర్వాత.

ఇప్పుడు మన దేశంలో ఒక కేసు. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జిల్లాలో అనోఖీలాల్ అనే యువకుడి మీద ఒక చిన్నారిపై అత్యాచారం, హత్య అభియోగాలు వచ్చాయి. 2013 ఫిబ్రవరి 19న న్యాయసహాయం కింద లాయరును నియమించారు. అదే రోజు ఛార్జీలు ఫ్రేమ్ చేశారు. మార్చి 4న దోషి అన్నారు, ఉరిశిక్ష వేశారు. కేసు కట్ట సరిగ్గా చదివే వ్యవధి కూడా ఆ లాయరుకు దక్కలేదు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, విచారణ మొదటినుంచీ జరపమంది. మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవమున్న లాయర్లనే పెట్టాలని, కేసు చదువుకోవడానికి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలని చెప్పింది. పునర్విచారణలో మళ్లీ మరణశిక్షే పడింది. డీఎన్ఏ ఆధారాన్ని మరోసారి పరిశీలించాక, 2024లో అతను నిర్దోషిగా తేలాడు.

ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. లా డిగ్రీ పట్టా అందుకున్న రోజుతో లాయరు చదువు ఆగిపోదని రెండు దేశాలూ ఒప్పుకుంటాయి. ఆ తర్వాత చదువు ఎలా సాగాలన్న దగ్గర రెండూ వేరు దారులు పట్టాయి. ఏ దారి మంచిదో తేల్చడానికి నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే: లాయరు నేర్చుకున్నది బోనులో నిలబడ్డ మనిషికి చేరిందా లేదా?

అమెరికా దారి: ఏటా ఇన్ని గంటలు

లైసెన్సు నిలవాలంటే చదువు కొనసాగాల్సిందే అన్న నియమం అమెరికాలో 1975లో మిన్నెసోటా, అయోవా రాష్ట్రాలతో మొదలైంది. నేడు ఎక్కువ రాష్ట్రాల్లో అది ఉంది. మిన్నెసోటాలో మూడేళ్లకు 45 గంటలు, న్యూయార్క్‌లో రెండేళ్లకు 24, టెక్సాస్‌లో ఏటా 15. చదవని లాయరు లైసెన్సుకే ముప్పు. ఈ పద్ధతి గొప్పతనం అందులోని కచ్చితత్వం. పేరున్న సీనియరైనా, నిన్న మొన్న ఎన్‌రోల్ అయిన కుర్రవాడైనా సాధారణంగా మినహాయింపు ఉండదు.

దాని లోపమూ ఆ కచ్చితత్వంలోనే ఉంది. నియమం కొలిచేది గంటల్ని. క్రిమినల్ కేసులు చేసే లాయరు రియల్ ఎస్టేట్ పన్నుల మీద ఉపన్యాసం విన్నా చాలాచోట్ల ఆ గంటలు చెల్లుతాయి. రికార్డు చేసిన వీడియో పెట్టుకున్నా చెల్లుతాయి. ఆ లాయరు రేపు కోర్టులో సాక్షిని ఎలా ప్రశ్నిస్తాడో ఈ లెక్క చెప్పదు.

అందుకే డిఫెన్స్ లాయర్లు తమకు కావలసిన బడులు తామే కట్టుకున్నారు. జార్జియా రాష్ట్రం మేకన్‌లో నేషనల్ క్రిమినల్ డిఫెన్స్ కాలేజ్ వేసవిలో రెండు వారాల శిక్షణ నడుపుతుంది. అక్కడ ఉపన్యాసం తక్కువ, సాధన ఎక్కువ. చిన్న బృందంలో ప్రతి లాయరూ లేచి క్రాస్ చేయాలి, వాదన వినిపించాలి. ఏళ్ల తరబడి ముద్దాయిల తరఫున నిలబడ్డవాళ్లు పక్కనే ఉండి తప్పొప్పులు చెబుతారు. అట్లాంటాలో 2007లో మొదలైన గిడియన్స్ ప్రామిస్ సంస్థ పబ్లిక్ డిఫెండర్లకు ఇలాంటి తోడే ఇస్తోంది. 1963లో పేదవాడికీ లాయరు ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు చేత చెప్పించిన ఖైదీ క్లారెన్స్ గిడియన్ పేరే ఆ సంస్థ పెట్టుకుంది. లాయరు లేక మొదట శిక్షపడ్డ గిడియన్, లాయరు సాయంతో జరిగిన రెండో విచారణలో నిర్దోషిగా బయటపడ్డాడు. గంటల నియమం చేయలేని పనిని ఈ బడులు చేస్తున్నాయి.

మన దారి: సీనియర్ ఆఫీసు

మన దగ్గర ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ ఒకసారి పాసైతే, ఆ తర్వాత నలభై ఏళ్లు ప్రాక్టీసు చేసినా ఏటా ఇంత నేర్చుకోవాలన్న నియమం లేదు. చదువంతా సీనియర్ ఆఫీసులోనే. జూనియర్ సాయంత్రం ఆఫీసుకు వెళ్తాడు. వకాలత్ నింపుతాడు, కాపీ అప్లికేషన్ వేస్తాడు, పొద్దున వాయిదా అడుగుతాడు, సీనియర్ క్రాస్ చేస్తుంటే వెనక నిలబడి వింటాడు. సీనియర్ ఏ.ఎల్.టి., ఏ.ఎల్.డి. లాంటి తీర్పుల సంచికలు తెప్పించి చదివే మనిషైతే, ఆ అలవాటు జూనియర్‌కూ అబ్బుతుంది.

ఈ దారిని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. ఇందులో అమెరికాకు దొరకని సంపద ఉంది. అమెరికాలో దాదాపు శిక్షలన్నీ నేరం ఒప్పుకోవడంతోనే పడతాయి. ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం శిక్షలు అలా వచ్చినవేనని అక్కడి సుప్రీంకోర్టే 2012లో రాసింది. అంటే అక్కడి యువ లాయరుకు నిజమైన సాక్షి ఎదురుపడటమే అరుదు. మన మేజిస్ట్రేట్ కోర్టు వరండాలో నిలబడే జూనియర్‌కు సాక్షులు రోజూ కనిపిస్తారు. అక్కడ శిక్షణ ఉంది, విచారణలు తక్కువ. ఇక్కడ విచారణలు ఉన్నాయి, శిక్షణ లేదు.

అయితే ఈ చదువు అదృష్టం మీద ఆధారపడి ఉంది. మంచి సీనియర్ దొరికినవాడికి విద్య దొరుకుతుంది. ఇంట్లో లాయర్లు లేని కుర్రవాడికి, ముఖ్యంగా పల్లె నుంచి వచ్చిన ఆడపిల్లకు, ఆ ఆఫీసు తలుపు తెరుచుకోవడమే కష్టం. జూనియర్లకు పట్నాల్లో నెలకు 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పినా, అది సిఫారసు మాత్రమే. చేతిలో డబ్బు ఆడనివాడు నేర్చుకునే దశలోనే వృత్తి వదిలేస్తాడు.

క్రాస్ దగ్గర తేడా

రెండు పద్ధతుల తేడా క్రాస్ ఎగ్జామినేషన్‌లో కళ్లకు కడుతుంది. మన జిల్లా కోర్టుల్లో ఏ వాంగ్మూలం తీసినా చివర వరసగా కొన్ని వాక్యాలుంటాయి: పోలీసుల ప్రోద్బలంతో అబద్ధపు సాక్ష్యం చెప్పుచున్నాననుట నిజము కాదు, నేను ఘటన చూడలేదనుట నిజము కాదు. ముద్దాయి వాదనను సాక్షి ముందు పెట్టడం లాయరు విధే. సాక్షి కాదన్నాక మిగిలేది కాదన్న జవాబే. క్రాస్ అంతా వీటితోనే నిండితే ముద్దాయికి చేరింది సున్నా.

మేకన్ తరహా శిక్షణలో నేర్పేది వేరు. ఒక ప్రశ్నలో ఒకే వాస్తవం ఉండాలి. సాక్షి కాదనలేని చిన్న చిన్న విషయాలను మెట్టుమెట్టుగా పేర్చాలి. రాత్రి పది గంటలు. వీధి దీపం లేదు. మీరు అరుగు మీద ఉన్నారు. అరుగుకీ ఘటనాస్థలానికీ మధ్య ఎండుగడ్డి వామి ఉంది. ఇక్కడికి సాక్షి చూపు మీద అనుమానం దానంతటదే నిలబడుతుంది.

మన పద్ధతిలోనూ దీనికి తీసిపోని విద్య ఒకటుంది. సాక్షి పోలీసులకిచ్చిన వాంగ్మూలానికీ కోర్టులో చెప్పినదానికీ మధ్య వైరుధ్యాన్ని నిరూపించే విద్య అది. ముందు ఆ భాగం సాక్షికి చూపించాలి. తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు అతని చేత దాన్ని రుజువు చేయించాలి. రెండో అడుగు మరిచిన లాయరుకు మొదటి అడుగు ఫలితం కూడా దక్కదు. మంచి సీనియర్లు దీన్ని తిరుగులేకుండా చేస్తారు. కానీ ఆ నేర్పు వాళ్ల దగ్గరే ఉండిపోతోంది. జూనియర్ చూసి నేర్చుకుంటాడు తప్ప, అతని క్రాస్ విని, ఎక్కడ జారాడో చెప్పేవాళ్లు లేరు.

మారిన చట్టం ముందు

2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం పాత క్రిమినల్ చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చాయి. నంబర్లు మారడం చిన్న సంగతి: హత్య 302 నుంచి 103 అయింది, 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయించే సెక్షనుగా తెలిసిన మనకు ఇప్పుడది ముందస్తు బెయిల్ సెక్షను. అసలు కష్టం వేరేచోట ఉంది. సెషన్స్ కేసు కమిట్ అయ్యాక డిశ్చార్జి పిటిషన్‌కు 60 రోజుల గడువు వచ్చింది. పాత చట్టంలో ఇది లేదు. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్షపడని విచారణ ఖైదీ, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే బెయిలుకు అర్హుడు. పాత చట్టం అలవాటుతో సగం కాలం దాకా ఆగే లాయరు తన క్లయింటును నెలలపాటు అనవసరంగా జైల్లో ఉంచినట్టే.

సోదా, స్వాధీనం వీడియో తీయాలని కొత్త చట్టం అంటుంది. ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండు భాగాలున్నాయి, ఒకటి పరికరం బాధ్యుడిది, రెండోది నిపుణుడిది. ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ అందులో రాయాలి. కోర్టుకొచ్చిన వీడియో హ్యాష్ విలువా, సర్టిఫికెట్‌లోదీ ఒకటేనా అని అడగడం డిఫెన్స్ లాయరు పని. ఆ అంకె అంటే ఏమిటో తెలియనివాడు ఆ ప్రశ్న అడగలేడు. వెయ్యి డాలర్ల పరిమితి పోయిందని తెలియని అలబామా లాయరుకూ, ఈ లాయరుకూ తేడా ఏముంది?

అమెరికాలోనూ ఈ ప్రమాదం తెలుగు ఇళ్ల దాకా వస్తుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముందని చెప్పడం డిఫెన్స్ లాయరు విధి అని 2010లో పాడిల్లా కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. జరిమానాతో పోతుందనుకుని చిన్న దొంగతనం కేసు ఒప్పుకున్న విద్యార్థికో, హెచ్1బీ ఉద్యోగికో వీసాయే పోవచ్చు. ఈ తీర్పు వచ్చాక వలస చట్టం అక్కడి క్రిమినల్ లాయర్ల శిక్షణలో ఒక పాఠమైంది. కోర్టు ఒక బాధ్యత పెడితే శిక్షణ దాన్ని అందుకుంది. మన దగ్గర తీర్పుకూ శిక్షణకూ మధ్య ఆ వంతెన లేదు.

ఖర్చు ఎవరిది?

మన దేశంలో న్యాయమూర్తులకు భోపాల్‌లో నేషనల్ జ్యుడీషియల్ అకాడమీ, రాష్ట్రాల్లో జ్యుడీషియల్ అకాడమీలు ఉన్నాయి. పోలీసు దర్యాప్తు అధికారులకు హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర శిక్షణ సంస్థ ఉంది. వీటి ఖర్చు ప్రభుత్వానిది. అది న్యాయమైన ఖర్చే. కానీ అదే కోర్టులో ముద్దాయి తరఫున నిలబడే లాయరుకు ఇలాంటి స్థిరమైన ఏర్పాటు లేదు. బోను పక్కన ఒకవైపే శిక్షణ పొందినవాళ్లుంటే, ఆ విచారణను సమానమైన పోటీ అనలేం.

ఇక్కడ మసాచుసెట్స్ రాష్ట్రం నాకు అన్నిటికన్నా సరైన నమూనాగా కనిపిస్తుంది. అక్కడ లాయర్లందరికీ గంటల నియమం లేదు. పేద ముద్దాయిల కేసులు తీసుకోవాలంటే మాత్రం ముందు శిక్షణ పొందాలి, ఏటా దాన్ని కొనసాగించాలి. ముద్దాయి ప్రాణం, స్వేచ్ఛ ఎవరి చేతిలో ఉందో వాళ్లనే నియమం పట్టుకుంటుంది. మన దగ్గర దాన్ని పెట్టడానికి చోటు సిద్ధంగానే ఉంది. జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకం కింద జిల్లాల్లో పూర్తికాలం డిఫెన్స్ లాయర్లున్నారు. చీఫ్‌కు పదేళ్ల క్రిమినల్ అనుభవం ఉండాలి, అసిస్టెంట్‌గా కొత్తవాళ్లనూ తీసుకుంటారు. సీనియర్ ఆఫీసు మంచితనమూ, మేకన్ సాధనా కలిసే వీలున్న చోటు ఇదే.

కాబట్టి నా తీర్పు ఇది. అమెరికా గంటల లెక్కను ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోవద్దు. హాజరుపట్టీలు నిండుతాయి తప్ప క్రాస్ మారదు. సీనియర్ దయ మీదే వదిలేయనూ వద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బార్ కౌన్సిళ్లు, న్యాయసేవల ప్రాధికార సంస్థలు కలిసి డిఫెన్స్ కౌన్సెల్ లాయర్లతో మొదలుపెట్టాలి. ఏటా కనీసం ఒక వారం, తెలుగులో, నిజమైన కేసు కట్టలతో సాధన చేయించాలి. ఫోరెన్సిక్ రిపోర్టు ఎలా చదవాలో, హ్యాష్ విలువ ఎలా సరిచూడాలో ల్యాబుల నిపుణుల చేతే చెప్పించాలి. ఖర్చు ప్రభుత్వం పెట్టాలి, పోలీసుకు పెట్టినట్టే. సీనియర్లకు నాదొక మనవి: మీ జూనియర్ చేత ఈ నెలలో ఒక్క సాక్షినైనా క్రాస్ చేయించండి. వెనక కూర్చుని వినండి. సాయంత్రం ఆఫీసులో ఎక్కడ తప్పాడో చెప్పండి. దీనికి ఏ చట్టమూ మారనక్కర్లేదు.