షో కారు గీత, పెనుకొండ రేకు

హైదరాబాద్ గౌలిపుర గల్లీల్లో కారును తీరిగ్గా పక్కనుంచి చూసే వీలుండదు. అంత వెనక్కి జరగడానికి జాగా ఏది? గోడకు ఒదిగి దారిస్తే, ఎదురొచ్చే కారు ముఖం మాత్రం బాగా కనిపిస్తుంది. అలా ఎదురుగా నిలబడి చూడాల్సిన బండి కియా సెల్టోస్. పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ 2019 ఆగస్టులో బయటికొచ్చింది. తళ్లికోట ఓటమి తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న పెనుకొండే అది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

సెల్టోస్ ముఖాన్ని జనం అంతకు ఏడాదిన్నర ముందే చూశారు. 2018 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో కియా దాని షో రూపం ‘ఎస్‌పీ కాన్సెప్ట్’ను నిలబెట్టింది.

కాన్సెప్ట్ కారంటే నాకు కొంచెం అనుమానమే. 1938లో బ్యూక్ వై-జాబ్‌తో డిజైనర్ హార్లీ ఎర్ల్ మొదలుపెట్టిన ఆచారమిది. వేదికెక్కిన బండికి వాన లేదు, గుంతలు లేవు, నంబరు ప్లేటు ఎక్కడ బిగించాలన్న బెంగ లేదు. ఇంతింత చక్రాలు తొడిగి ఊరిస్తారు. తీరా షోరూముకు వచ్చేసరికి పెళ్లిచూపుల ఫొటోకీ మనిషికీ ఉన్నంత తేడా ఉంటుంది. సెల్టోస్ విషయంలో ఆ తేడా బాగా తక్కువ. మెచ్చుకోవాల్సింది అక్కడే.

గ్రిల్ చూడండి. పై అంచు, కింది అంచు నడిమధ్యన లోపలికి నొక్కినట్టుంటాయి. దీన్నే ‘టైగర్ నోస్’ అంటారు. ఆడి టీటీతో పేరు తెచ్చుకుని 2006లో కియాకు వచ్చిన డిజైనర్ పీటర్ ష్రేయర్ హయాంలో, 2007లో ఒక కాన్సెప్ట్ కారు మీదే ఇది మొదట కనిపించింది. ఎస్‌పీ కాన్సెప్ట్‌లో ఈ ముక్కును వెడల్పు చేసి, సన్నటి లైట్లను దానికి అతికించారు. సెల్టోస్‌లోనూ పగటి లైటు గీత హెడ్‌లైటు దగ్గర ఆగదు, గ్రిల్‌లోకి చొచ్చుకుపోతుంది.

చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ బానెట్, బంపర్, గ్రిల్, లైటు, ఈ నాలుగూ కలిసే మూల అది. రేకు ఒక అచ్చులోంచి వస్తుంది, ప్లాస్టిక్ మరో అచ్చులోంచి. ఏ ఒక్కటి కాస్త పక్కకు జరిగినా, రాత్రి ఆ వెలుగే చాడీ చెబుతుంది. షో కారు ఒక్కటే కాబట్టి తెల్లవార్లూ కూర్చుని సందులు సరిచేసుకోవచ్చు. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీలో ఆ ముద్దుచేయడాలు కుదరవు. ప్రతి బండికీ గీత అక్కడే పడాలి. 2019లో బండి ధర 9.69 లక్షల రూపాయల నుంచి మొదలైంది కాబట్టి ఖర్చూ అదుపులోనే ఉండాలి.

పై రకాల్లో ఫాగ్ లైట్లు మంచుముక్కల్లా మూడేసి పేర్చినవి. నాకు అవి కాస్త ఎక్కువే అనిపిస్తాయి. కింది బంపర్‌లో అప్పటికే సందడి చాలా ఉంది.

వెనకవైపు అంత గొప్పగా లేదు. 2019 బండిలో రెండు టెయిల్ లైట్లనూ కలిపేది ఒట్టి క్రోమ్ పట్టీ. పగలు లైటేమో అనిపిస్తుంది, చీకటి పడితే ఉలుకూ పలుకూ ఉండదు. 2023లో బండికి మార్పులు చేసినప్పుడుగాని అక్కడ నిజమైన లైటు వెలగలేదు.