చైత్రసభలును సూరకవియును

ప్రతిసంవత్సరము చైత్రశుద్ధ పాడ్యమినాఁడు తెలుఁగుదేశమునఁ బట్టణములయందే కాక చిన్న యూళ్లయందును గవిసమ్మేళనములు జరుగుచుండును. ఉదయమునఁ బంచాంగశ్రవణము, సాయంకాలమునఁ గవితాపఠనము. ఆకాశవాణియు నిట్టి సభల నేర్పఱచును. ఆచారము మంచిదే. ఏఁటి కొక్కమాఱైనను నూరివారు కవిత వినుటకుఁ గూర్చుందురు. అయినను బెక్కేండ్లుగా నీ సభలకుఁ బోయి వినినవాఁడ నగుటచే, అచ్చట వినిన కవిత్వమునుగూర్చి నాకుఁ దోఁచినదానిని బండితుల యెదుట నుంచుచున్నాను.

ఈ సభలలోఁ జదువఁబడు పద్యములలో ముప్పాతికవంతు వసంతవర్ణనములు. కోకిల, మావిచిగురు, మలయమారుతము, మరుఁడు, తుమ్మెదలు, ఆఱు రుచులు: వీనిలో నేదియుఁ దప్పదు. ప్రబంధమునకు ఋతువర్ణనము విధింపఁబడినమాట నిజమే. కాని పూర్వకవు లేల విధించుకొనిరి? శృంగారమునకు వసంత ముద్దీపనవిభావము, నాయికానాయకు లాలంబనము. వసుచరిత్రమునందలి వసంతవర్ణనము నాదసౌఖ్యమునకుఁ బ్రసిద్ధమైనను, వట్టి నాదముకొఱకు వచ్చినది కాదు. అది వసురాజు గిరికను జూచుటకు ముందు వచ్చి కథకు దారి తీయుచున్నది. మన సభాపద్యములలో నాలంబనము జాఱిపోయినది; ఉద్దీపన మొక్కటియే మిగిలినది. పెండ్లికొడుకు లేని యూరేగింపు వలె మేళము మాత్రము వీథివెంటఁ బోవుచున్నది.

సందర్భముకొఱకు వ్రాసిన పద్యముల నింత కఠినముగాఁ బరీక్షింపరాదని కొందఱందురు. నే నొప్పుకొనను. హంపీవిరూపాక్షుని చైత్రోత్సవమునకు వచ్చిన సభ్యుల యెదుటనే కృష్ణదేవరాయల జాంబవతీకల్యాణ నాటకము ప్రదర్శింపఁబడినది. వసంతోత్సవములచేఁ బ్రఖ్యాతుఁడైన కొండవీటి కుమారగిరిరెడ్డి పేరిటనే కాటయవేముఁడు కాళిదాసు నాటకములకు మూఁడింటికిని వ్యాఖ్య రచించెను. వసంతోత్సవము జరిగిన కొలువునందే వ్యాఖ్యానమును బుట్టినది. వేడుక యున్నచోట విమర్శ మింకెక్కడనో యుండవలెనని యా ప్రభువు తలఁపలేదు.

మా గోస్పాడు నంద్యాలకుఁ జేరువ నున్న యూరు. చైత్రము వచ్చునప్పటికి మా రేగడిచేలు శనగ కోఁత ముగిసి నెఱ్ఱెలు విచ్చియుండును. కుందూనది సన్నగిల్లును. నల్లమలలో మోదుగులు పూయును. ఊరిలో వేఁపచెట్లు పూయును. మధ్యాహ్నమున వీచు గాలికి మలయమారుతమను పేరు పెట్టుటకు సాహసము కావలెను. ఈ దారినే నడచి సభకు వచ్చిన కవి వీనిలో నొక్కటైనఁ జెప్పఁడు. మోదుగ కింశుకమను పేరుతో మాత్రము వచ్చును. దానిఁ జూచి వ్రాసినట్లు తోఁపదు. కనుమనాఁడు బయలుదేఱిన యహోబిల నారసింహుఁడు నలువది దినములకుఁ బైగా నాళ్లగడ్డప్రాంతపు టూళ్లలోఁ బారువేటయాడి మరలిన పిదప ఫాల్గుణమున బ్రహ్మోత్సవము నడచును. ఎఱ్ఱన నృసింహపురాణము నంకితముగాఁ గొన్నది యీ స్వామియే. ఇంతటి సామగ్రి కన్నులయెదుట నుండఁగా మావాఁడు చెఱకువింటివాని వెదకికొని పోవుచున్నాఁడు.

ఒక్క సభ నాకు జ్ఞాపకము. ఒక బడిపంతులు నాలుగు పద్యములు చదివెను. ఎండిన కాలువ, అడుగున మిగిలిన మడుఁగు, దానిచుట్టుఁ జేరిన గొడ్లు, నీరు త్రాగక నిలుచున్న యొక ముసలియెద్దు. మూఁడవ పద్యమున యతి తప్పినది. నాలుగవదానిలో సంస్కృతసమాస మొకటి యనవసరము. అయినను నా యెద్దు కదలలేదు. ఇప్పటికిని గన్నులఁ గట్టినట్లున్నది. అచ్చట నాలంబన మున్నది గనుక రసము పుట్టినది. చప్పట్లు మాత్ర మాయనకే తక్కువ.

ఇఁక సూరన. ఆఱువీటివంశపు శాఖలోనివాఁడైన నంద్యాల కృష్ణమరాజునకుఁ గళాపూర్ణోదయము నంకితమిచ్చిన కవి కంటె మా సీమకు దగ్గఱివాఁ డెవఁడు? ఆ కావ్యమున సుగాత్రీశాలీనుల కథ యున్నది. శాలీనుఁడు మిక్కిలి సిగ్గరి, ఇల్లరికపుటల్లుఁడు. తల్లి కూఁతు నగలతో సింగారించి పడకటింటికిఁ బంపినను వాఁడు చలింపఁడు. అత్త విసిగి వానిఁ బూఁదోఁటపనికిఁ బెట్టును. గాలివాన వచ్చిన యొకదినమున సుగాత్రి భర్త యేమగునో యని నగలు విడిచి తోఁటకుఁ బరుగిడి యాతనితోఁ గూడఁ బనిచేయును. అట్లు పనిలో నలసినదానిఁ జూచినప్పుడే వానికి వలపు పుట్టును. ఆ ఘట్టమును నడపునది వసంతము కాదు, గాలివాన. నగలు కావు, మట్టి. ప్రబంధయుగమున నుండియు నుద్దీపనమును బనిపాటలలోఁ జూపఁగలిగిన యీ ధైర్యమునకు సాటి యరుదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లోఁ బ్రకటించిన కవిత్వతత్త్వవిచారమున సూరన కున్నతస్థానమిచ్చిరి. వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్‌గారును జేసిన యాంగ్లానువాదము 2002లో నమెరికాయందు వెలువడినది. దూరదేశమువారు చదువుచున్నారు.

నంద్యాలకు దాపున గానాలగ్రామమున సూరన సమాధి కలదని ప్రసిద్ధి. కుమ్మరు లుగాదినాఁ డచ్చట నాతనిఁ దలఁచికొందురని చెప్పుదురు. పండితులమైన మన మదే దినమున వేదికపైఁ గూర్చుండి మన పద్యములు మనమే వినుచున్నాము. ఈ పోలిక నాకు సిగ్గు గొలుపుచున్నది.

ఒకయేఁడు సభను నడపువారిని బది నిమిషముల కాల మడిగితిని. సుగాత్రికథ చదివి తాత్పర్యము చెప్పెదనంటిని. కవు లిరువదిమంది వేచియున్నారనియు, వ్యవధి చాలదనియు నుత్తరము వచ్చినది. వారిని దప్పుపట్టను. ఆ యిరువదిమందిలో నేనును బాడ్యమిపద్యము చేతఁ బట్టుకొని కూర్చున్నవాఁడనే. అందుఁ గోకిలయు నుండెను.

రానున్న యుగాదికి మా ప్రాంతపు బడులలోని యుపాధ్యాయుల నొక్కటి వేఁడుచున్నాను. పిల్లలచే సుగాత్రీశాలీనుల ఘట్టమును ముందుగాఁ జదివింపుఁడు. పిదపఁ గ్రొత్తపద్యములు చదువఁబడుఁగాక. చదివిన ప్రతికవిని, నీ వసంతమెవరికొఱకు వచ్చినదని సభలో నొక్కరైన నడుగుఁడు.