'క్షీణయుగం' అనే పేరు – తంజావూరు తెలుగు సాహిత్యం: ఒక పునఃపరిశీలన

సాహిత్య చరిత్రకారుడికి యుగవిభజన తప్పదు. వెయ్యేళ్ల వాఙ్మయాన్ని ఒకే ప్రవాహంగా చెప్పుకుపోవడం బోధనకూ కుదరదు, గ్రంథరచనకూ కుదరదు. అయితే ఒక యుగానికి పెట్టిన పేరు కాలాన్ని సూచించే గుర్తుగా మాత్రమే మిగలదు. ఆ కాలపు రచనలను చదవకముందే వాటిపై తీర్పును సిద్ధం చేసిపెడుతుంది. తెలుగులో ఇందుకు ప్రబల నిదర్శనం 'క్షీణయుగం' అనే మాట. 17, 18 శతాబ్దాల దక్షిణదేశపు తెలుగు సాహిత్యాన్ని ప్రధానంగా దృష్టిలో పెట్టుకొని వాడిన మాట ఇది. కాలం సాహిత్యాన్ని మలుస్తుందన్న సూత్రాన్ని ఈ వ్యాసం కాదనడం లేదు. ఏ కాలం దేనిని మలిచిందన్న లెక్క ఈ సందర్భంలో తారుమారైందని చూపడమే దీని ఉద్దేశం.

క్షీణతకు చూపిన కారణాలు

సాధారణంగా వినిపించే వాదన ఇది: 1565లో రాక్షసి-తంగడి యుద్ధంతో విజయనగర సామ్రాజ్యం దెబ్బతిన్నది, ఆ తరువాత మిగిలిన చిన్న రాజ్యాల ప్రభువులు భోగలాలసులయ్యారు, వారిని ఆశ్రయించిన కవులు శృంగారాన్నే పట్టుకొని వేలాడారు. వినడానికి ఇది సమంజసంగానే ఉంటుంది. తేదీలు దగ్గర పెట్టుకొని చూస్తే నిలవదు. తంజావూరులో నాయకుల ఏలుబడి సేవప్పనాయకుడితో 1565కు ముందే, విజయనగరం వెలుగుతున్న రోజుల్లోనే మొదలైంది. చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని అంకితమిచ్చిన రఘునాథనాయకుడు (1600–1634) ఓడి మూలన కూర్చున్న రాజు కాడు. 1616–17 ప్రాంతంలో తోపూరు వద్ద, విజయనగర సింహాసనం కోసం జరిగిన పోరులో రామదేవరాయల పక్షాన నిలిచి గెలిచినవాడు. అంటే 'క్షీణ' శృంగారానికి మచ్చుగా చూపే కావ్యం ఆ రాజ్యం బలం పుంజుకున్న కాలంలో పుట్టింది. ఇక శృంగారమే క్షీణతకు లక్షణమైతే శ్రీనాథుడి నైషధాన్నీ పెద్దన మనుచరిత్రనూ ఏ గాటను కట్టాలి? వాటిని స్వర్ణయుగంలో ఉంచి వీటిని పతనంలోకి నెట్టడానికి రసదృష్టి చాలదు. రాజ్య విస్తీర్ణాన్ని బట్టి కావ్యానికి మార్కులు వేసే అలవాటు ఇందులో దాగి ఉంది.

కాలం నిజంగా మార్చినది

అట్లని తంజావూరు సాహిత్యం రాయల కాలపు సాహిత్యానికి కొనసాగింపు మాత్రమే అనడమూ సరికాదు. మార్పు వచ్చింది. అది రసంలో కంటే ప్రక్రియలో వచ్చింది. కావేరీ తీరంలో తెలుగు ఏలికల భాష, సేనానుల భాష, వలస వచ్చి స్థిరపడిన కుటుంబాల భాష. చుట్టూ ఉన్న జనసామాన్యానిది తమిళం. అటువంటి చోట చదువుకునే కావ్యం కన్న చూసే, వినే రచనకు ఆదరణ పెరగడం సహజం. యక్షగానం రాజాస్థానంలో పీట వేసుకొని కూర్చున్నది ఇక్కడే. విజయరాఘవనాయకుడు (1634–1673) స్వయంగా విప్రనారాయణ చరిత్ర, ప్రహ్లాద చరిత్ర వంటివి రచించాడు. రంగాజమ్మ మన్నారుదాసవిలాసాన్ని ప్రబంధంగానూ యక్షగానంగానూ మలిచింది. క్షేత్రయ్య పదాలు ఆడి చూపడానికి పుట్టినవి. మధుర, మైసూరు ఆస్థానాలలో వచనం తలెత్తడం ఇదే మార్పులో మరొక పాయ, దానిని వేరుగా పరిశీలించాలి.

రాజు స్వరూపమూ మారింది. యక్షగానంలో కథానాయకుడు పురాణపురుషుడు కానక్కరలేదు. సింహాసనం మీద కూర్చొని ప్రదర్శన చూస్తున్న ప్రభువే కావచ్చు. పురుషోత్తమ దీక్షితుడి తంజాపురాన్నదాన నాటకంలో వస్తువు మరీ దిగివచ్చింది. రాజు నడిపే సత్రం, అక్కడ చేరే బ్రాహ్మణులు, వారి తగవులు, వారి నోటి మాటలు. భూదానం చేసి అగ్రహారాలు నిలిపిన రాజు స్థానంలో అన్నం పెట్టే రాజు నిలబడ్డాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 1992లో వెలువరించిన ఆంగ్ల గ్రంథంలో ఈ మార్పును నాయకరాజుల రాజకీయ సంస్కృతికి మూలంగా వివరించారు. వారి ప్రతిపాదన అంతటినీ అంగీకరించకపోయినా, హాస్యమనీ అసభ్యమనీ పక్కనపెట్టిన రచన సమాజ చరిత్రకు ఆకరమవుతుందని వారు నిరూపించారు. వేశ్యాకులానికి చెందిన స్త్రీలు ఆస్థానకవులు కావడమూ ఈ వ్యవస్థలో భాగమే. చదువు, సంగీతం, సొంత ఆస్తి, సభలో నోరు విప్పే హక్కు, ఈ నాలుగూ ఆనాడు ఒకచోట కలిసిన స్త్రీలు వారే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తంజావూరు యక్షగానాలు మనకు ఇంత విస్తారంగా దొరకడానికి అక్కడి సరస్వతీమహల్ గ్రంథాలయం కారణం. భద్రపరిచే కొలువు లేని పల్లెల్లో ఆడిన ఆటలు తాటాకుల మీదికి ఎక్కనేలేదు. కనుక 'యక్షగాన యుగం' అని మనం చూస్తున్నదానిలో కొంత కాలానిది, కొంత భాండాగారానిది.

పేరు పెట్టిన కాలం

'క్షీణం' అన్న తీర్పు వెనుక ఉన్నది 19వ శతాబ్ది చివరి సంస్కరణ దృష్టి. కందుకూరి వీరేశలింగం పంతులు ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళనిని ప్రస్తావించిన తీరు అందుకు సాక్ష్యం. ఆమె ప్రతాపసింహుడి (1739–1763) కొలువులోని కవయిత్రి. రాధికాసాంత్వనంలో రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆపై వియోగంతో కుమిలిపోతుంది. ఆమెను కృష్ణుడు అనునయించడమే కావ్యం. పంతులుగారికి కవిత్వశక్తి కనబడలేదని కాదు. స్త్రీ నోట అటువంటి వర్ణన రావడం సహించరానిదైంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి ద్వారా ఈ కావ్యాన్ని సమగ్రంగా ప్రకటించారు. అంతకుముందు ముద్రణలో కొన్ని పద్యాలూ కవయిత్రి తన వారిని చెప్పుకున్న పీఠికా లోపించాయని గుర్తించి, వాటిని చేర్చారు. మగకవుల శృంగారానికి లేని అభ్యంతరం దీనికే ఎందుకని పీఠికలో సూటిగా నిలదీశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది.

ఈ ఘట్టాన్ని బ్రిటిషు పాలకుల సంకుచితత్వంగా చెప్పుకోవడం పరిపాటి. అది సగం నిజం. తెల్ల అధికారికి తెలుగు పద్యంలోని ధ్వని తనంత తాను తెలియదు. చదివి, అసభ్యమని తేల్చి, ఫిర్యాదు చేయగలిగినవారు మన పండితులూ పత్రికలవారూ. అచ్చుయంత్రం వల్ల ఆస్థానం దాటి ఇంటింటికీ చేరబోతున్న పుస్తకాన్ని ఏ స్త్రీ చదవాలో, ఏ స్త్రీ రాయాలో నిర్ణయించే కొత్త గృహస్థ సమాజం అప్పుడే ఏర్పడుతోంది. ముద్దుపళని కాలం రాధికాసాంత్వనాన్ని పుట్టించింది. 'అశ్లీల కావ్యం'గా దానికి రూపమిచ్చింది మాత్రం వీరేశలింగం కాలం. సాహిత్య చరిత్రలు ఈ రెండింటినీ కలిపివేసి, రెండవదాని అభిరుచిని మొదటిదాని లక్షణంగా నమోదు చేశాయి.

రాజవంశాల పేర్లతో యుగాలను విభజిస్తే నిందాస్పదమైన పేరు తొలగిపోతుంది, నిజమే. ఆరుద్ర సమగ్రాంధ్ర సాహిత్యం ఆ దారి తొక్కింది. కానీ ఇబ్బంది తీరదు. 1673లో విజయరాఘవుడు మధుర సేనల చేతిలో నేలకూలాడు. కొద్దికాలానికే మరాఠాలు వచ్చారు. అయినా తెలుగు ఆగలేదు. శాహాజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. ముద్దుపళని కూడా మరాఠా కొలువు కవయిత్రే కనుక ఆమెను నాయకరాజుల యుగంలో కలపడం చారిత్రకంగా పొరపాటు. వంశం మారినా ప్రదర్శించే స్థలం, ప్రదర్శించే మనుషులు మారలేదు. నిడదవోలు వెంకటరావుగారు 'దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయం' అని ప్రాంతాన్ని ప్రాతిపదికగా తీసుకోవడంలో ఈ సౌలభ్యం ఉంది. దానికి సభ, గుడి, సత్రం అన్న ప్రదర్శన స్థలాలను కూడా జోడించుకుంటే ఈ సాహిత్యాన్ని దాని నేలమీదే చదవవచ్చు.

టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు, 1947లో, రాధికాసాంత్వనంపై నిషేధం తొలగింది. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చువేశారు. ఆ 1947లోనే మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టాన్ని ఆమోదించింది. ఎందరో బాలికలను దోపిడీ నుంచి కాపాడడానికి వచ్చిన చట్టమది, దాని అవసరాన్ని శంకించలేం. పుస్తకం గ్రంథాలయానికి తిరిగివచ్చిన సంవత్సరమే, అటువంటి రచనలను తరతరాలుగా కంఠస్థం చేసి ఆడి చూపిన వృత్తికి చట్టపరంగా తెరపడింది.